జాజ్ సంగీతము – నానాదేశీయ నవవాద్యకారులు

ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో, అమెరికా దక్షిణప్రాంతమందలి న్యూ ఆర్లియన్స్ నగరమున, బానిసత్వపు సంకెలలు తెగియు అవమానభారము తీరక బ్రదుకుచుండిన నల్లజాతి ప్రజల నడుమ అవతరించిన జాజ్ సంగీతము, నేడు ఆ నగరమును గాని ఆ జీవితమును గాని యెరుగని కుటుంబములలో పుట్టిపెరిగిన యువవాద్యకారుల చేతులలో నూతనరూపములు దాల్చుచున్నది. ఒకని పూర్వులు మైసూరు సీమవారు, ఒకని తండ్రి ఇరాకు దేశీయుడు, ఒకడు ఆర్మీనియా పర్వతభూమిలో జన్మించినవాడు, ఒకతె లాహోరు వీధులలో పెరిగినది, ఇంకొకరి తాతలు కరేబియను ద్వీపముల నుండి లండనుకు వలసవచ్చినవారు. వీరు తమ యింటి సంగీతమును జాజ్ వేదికపైకి కొనివచ్చునపుడు నిజముగా తెచ్చుచున్నదేమి? తాము అడుగిడిన సంప్రదాయమునకు వీరు పడిన ఋణమెట్టిది? వీరి కృషిని రసికలోకము ఏ కొలమానముతో పరిశీలింపవలెను? ఈ మూడు ప్రశ్నలను గూర్చియే ఈ సమీక్ష. దీనియందు నేను ప్రతిపాదింపదలచినది ఒక్కటే: జన్మము వాద్యకారునకు ప్రశ్నను మాత్రమే ప్రసాదించును, సమాధానమును ఆతడు సాధనచేతను, తోడివారి సాంగత్యముచేతను స్వయముగా ఆర్జించుకొనవలసినదే.

మనోధర్మ సంగీతమన నేమో తెలుగు శ్రోతకు ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. రాగాలాపనలోను, నెరవులోను, కల్పనస్వరములలోను విద్వాంసుడు అప్పటికప్పుడు సృష్టించు నూతనత్వమునకే మన సభలలో తలలూగును. జాజ్ వాద్యకారుడును అట్టివాడే. కాని ఆతని నియమము వేరు. మన సంగీతమునకు తంబురా యందలి ఆధారషడ్జము కదలని పునాది. రాగభావమంతయు ఆ పునాదిని అంటిపెట్టుకొనియే వికసించును. జాజ్ నందు, ఒక పాటకు అడుగున నుండు స్వరసమ్మేళనములు కొన్ని మాత్రలకొకసారి మారుచు, ఆవృత్తముగా తిరిగి మొదటికి వచ్చుచుండగా, ఆ మార్పులను అనుసరించుచునో ధిక్కరించుచునో వాద్యకారుడు తన కల్పనను నడుపును. ఛందస్సు లేనిచోట ఆశుకవిత్వమునకు విలువ లేనట్లే, ఈ రెండు సంగీతములలోను నియమము లేనిచోట కల్పనకు విలువ లేదు. అందుచే ఒకదాని నియమమును మరియొకదానిలో నిలుపబూనినవాడు, కదలని షడ్జమును కదలు సమ్మేళనములతో ఎట్లు పొసగించవలెనను కఠినసమస్యను ఎదుర్కొనక తప్పదు. ఈ సమస్యను ఎదుర్కొన్నవారెవరు, తప్పించుకొన్నవారెవరు అనునదియే ఈ రంగమున గుణదోష విచారణకు తొలిమెట్టు.

ఈ సంగమము నిన్న మొన్నటిది కాదు. 1935లో లియాన్ ఆబీ నాయకత్వమున నల్లజాతి వాద్యకారుల బృందమొకటి బొంబాయి తాజ్‌మహల్ హోటలున వినోదము కూర్చెను. పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ ఆసియా నగరములనేకము తిరిగి, తుదకు 1945లో కలకత్తాలోనే కన్నుమూసెను. వారి సాహచర్యమున గోవా దేశపు క్రైస్తవ వాద్యకారులు అనేకులు జాజ్ నేర్చిరి. వారిలో చిక్ చాకొలేట్ అను పేర ప్రసిద్ధుడైన ట్రంపెట్ వాద్యకారుడు సంగీతదర్శకుడు సి. రామచంద్రకు తోడ్పడి, హిందీ చలనచిత్ర సంగీతమునకు ఆ బాణీని అందించెను. అయితే ఆ తరమువారు జాజ్‌ను ఉన్నదున్నట్లు అభ్యసించినవారే గాని, తమ దేశపు రాగతాళములను దానితో తర్కింపజేసినవారు కారు.

ఆ తర్కమునకు శ్రీకారము లండనున చుట్టబడెను. జమైకా నుండి 1951లో ఇంగ్లాండు చేరిన జో హారియట్ అను సాక్సఫోన్ వాద్యకారుడును, కలకత్తాలో పుట్టి లండను వాద్యబృందములలో వయొలిను వాయించుచుండిన జాన్ మేయర్ అను స్వరకర్తయు కలిసి, ఐదుగురు జాజ్ వాద్యకారులను ఐదుగురు భారతీయ సంగీత వాద్యకారులను ఒక్కచోట చేర్చి, 1966లో 'ఇండో జాజ్ స్వీట్' అను రచనను వెలువరించిరి. ఇరువురును వలసవచ్చినవారే; ఇరువురి మాతృభూములును ఆంగ్లేయుల యేలుబడిలో నుండినవే. ఆ సాహసమునకు నమస్కరింపవలసినదే గాని, మేయర్ రచనలో అధికభాగము ముందుగనే వ్రాయబడి యుండుటచే, రెండు పంచకములును పక్కపక్కన నడచినంతగా ఒకదానిలో నొకటి కరగలేదు. హారియట్ 1973లో దారిద్ర్యముననే మరణించెను. ఆయన యోగ్యతను లోకము గుర్తించుట బహుకాలము తరువాతి మాట.

1970ల నడిమిభాగమున ఆంగ్లేయ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ నెలకొల్పిన 'శక్తి' బృందము దీనికంటె లోతునకు దిగెను. ఎల్. శంకర్ వయొలినును, జాకీర్ హుస్సేన్ తబలాను, విక్కు వినాయకరాం ఘటమును వాయింపగా, మెక్‌లాఫ్లిన్ అంతకుముందే డాక్టర్ ఎస్. రామనాథన్ వద్ద వీణ అభ్యసించి, గమకములు పలుకుటకై మెట్ల నడుమ కొయ్యను లోతుగా చెక్కించిన ప్రత్యేకమైన గిటారును చేయించుకొని వారి నడుమ నేలపై కూర్చుండెను. నేను దేనిని గీటురాయిగా భావింతునో అది ఇచ్చట మొదటిసారి స్పష్టముగా కానవచ్చును: వచ్చినవాడు తన వాద్యమునే మార్చుకొనెను, తన చేతిని తిరిగి శిష్యునిగా కూర్చుండబెట్టెను. ఈ బృందమునకే తరువాతి రూపమైన 'రిమెంబర్ శక్తి'లో మన పాలకొల్లు సీమకు చెందిన మాండలిన్ శ్రీనివాస్ గారు చేరి, 2014లో అకాలమృత్యువు వాతబడువరకు ప్రపంచవేదికలపై ఆంధ్రదేశపు హస్తనైపుణ్యమును వినిపించిరి. 'శక్తి' పునర్నిర్మిత బృందము 2023లో వెలువరించిన 'దిస్ మొమెంట్' అను సంపుటికి మరుసటి యేట గ్రామీ పురస్కారము లభించినది. ఆ సంవత్సరాంతముననే జాకీర్ హుస్సేన్ అస్తమించుటతో ఒక శకము ముగిసినది.

ఇంతవరకు చెప్పినది పూర్వరంగము. అసలు కథ, వలసవెళ్లినవారి సంతానము యుక్తవయస్సునకు వచ్చిన 1990ల నుండి మొదలగును. వీరి సమస్య మెక్‌లాఫ్లిన్ సమస్యకు విలోమమైనది. ఆయన పరాయిసంగీతమును వెదకికొనుచు వెళ్లినవాడు. వీరు తమదని లోకము చెప్పుచున్న సంగీతమునే తాము నేర్వనివారు. చర్మవర్ణమును, ఇంటిపేరును చూచి, వీరి చేతినుండి సితారుధ్వని వెలువడునని శ్రోతలు నిరీక్షింతురు. వీరు పెరిగినదేమో అమెరికా నగరముల రేడియోలు వినుచు. ఈ చిక్కును ఒంటరిగా విప్పుకొనజాలమని గ్రహించి, జాన్ జాంగ్, ఫ్రాన్సిస్ వాంగ్ అను చీనాసంతతి వాద్యకారులు 1987లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున 'ఏషియన్ ఇంప్రోవ్' అను సంస్థను స్థాపించిరి. తమిళ దంపతుల కుమారుడై న్యూయార్క్ రాష్ట్రమున జన్మించిన పియానో వాద్యకారుడు విజయ్ అయ్యర్ తొలి సంపుటి 1995లో వెలువడినది ఆ సంస్థ ద్వారానే.

విజయ్ అయ్యర్ జీవితము ఈ సమస్తవిషయమునకు నిదర్శనప్రాయము. బాల్యమున వయొలిను క్రమముగా అభ్యసించి, పియానోను మాత్రము స్వయంకృషిచే సాధించి, గణితభౌతికశాస్త్రములు చదివిన ఈయన, 1998లో బర్కిలీ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందుటకు ఎన్నుకొన్న విషయము పశ్చిమాఫ్రికా, ఆఫ్రికన్ అమెరికన్ సంగీతములలో లయను శరీరము గ్రహించు తీరు. ఈ వివరము గమనింపదగినది. కర్ణాటక తాళముల గణనమును తన పియానోలోనికి కొనితెచ్చుటకు ముందు ఆయన నల్లజాతి సంగీతపు లోతులను శాస్త్రీయముగా పరిశీలించి, ఆ సంప్రదాయపు పెద్దల సరసన నిలిచి వాయించి, ఋణము తీర్చుకొనెను. తరువాత 2011లో వెలువరించిన 'తీర్థ' అను సంపుటిలో ఆయనతో కూర్చున్నవారు ఇరువురు: చెన్నపట్టణపు గిటారు విద్వాంసుడు ప్రసన్న, మన హైదరాబాదు నగరమున తబలా నేర్చి అమెరికాలో స్థిరపడిన నితిన్ మిట్ట. ఈ ముగ్గురి వాదనములో ఎవరును ఎవరికిని అలంకారము కారు. తబలా కేవలము తాళము చూపుటకు గాక సంభాషించుటకు పూనుకొనును, పియానో సమ్మేళనముల గుంపును తగ్గించి రాగమునకు చోటు విడుచును.

విజయ్ అయ్యర్ సమకాలికుడైన రుద్రేష్ మహంతప్ప ఇటలీలో కన్నడ కుటుంబమున జన్మించి అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున పెరిగిన సాక్సఫోన్ వాద్యకారుడు. విద్యార్థిదశలో నుండగా ఆయన సోదరుడు పరిహాసమునకై కద్రి గోపాలనాథ్ సంపుటి నొకదానిని చేతికిచ్చెనట. ఆ పరిహాసమే ఆయన జీవితమును మలుపు త్రిప్పెను. మంగళూరు ప్రాంతపు నాగస్వర విద్వాంసుని కుమారుడైన గోపాలనాథ్, మైసూరు రాజభవనపు వాద్యబృందములో సాక్సఫోనును చూచి మోహించి, గమకములకు లొంగని ఆ లోహవాద్యమును దీర్ఘకాలసాధనచే లొంగదీసినవాడు. తన చేతనున్న వాద్యముననే తన పూర్వుల సంగీతము అంత నిండుగా పలుకుచుండుటను విన్న యువకుడు, పిదప దక్షిణభారతమునకు వచ్చి అధ్యయనమొనర్చి, 2008లో గోపాలనాథ్‌తో కలిసి 'కిన్స్‌మెన్' అను సంపుటిని వెలువరించెను. ఆ బృందమున వయొలిను వాయించినవారు విజయనగరమున జన్మించిన అవసరాల కన్యాకుమారి గారు. ఆ విజయనగరముననే ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఐరోపానుండి వచ్చిన వయొలినును తెలుగువారి యింటివాద్యముగా నిలిపిరి. ఆ గడ్డనుండి వెడలిన విదుషీమణి, రెండు సాక్సఫోనుల నడుమ ఒకదాని రాగమును, వేరొకదాని ఆవేశమును ఎరిగి నడచుట, దూరదేశపు వార్తగా గాక మన చరిత్రలోని ఒక పుటగా నాకు తోచుచున్నది. ఆ సంపుటిలో గోపాలనాథ్ షడ్జమును విడువడు. మహంతప్ప జాజ్ ఆవేగమును విడువడు. రచన మాత్రము ఇరువురును నిలువగల భూమిని ఓర్పుతో సిద్ధపరచును. పైన చెప్పిన కఠినసమస్యకు ఇంతవరకు లభించిన ఉత్తమసమాధానములలో ఇది యొకటి.

ఈ శ్రమ భారతీయసంతతికే పరిమితము కాదు. ఇరాకు తండ్రికిని అమెరికను తల్లికిని చికాగో సమీపమున పుట్టిన అమీర్ ఎల్సఫ్ఫార్, 2001లో ట్రంపెట్ పోటీలో గెలిచిన ధనముతో మరుసటి యేడు బాగ్దాదు చేరి, అచ్చటి 'మకాం' అను సంప్రదాయసంగీతమును అభ్యసింపసాగెను. 2003లో యుద్ధము వచ్చిపడి, విద్వాంసులనేకులు దేశమును వీడిపోగా, ఆయన వారిని వెదకికొనుచు ఐరోపాలో తిరిగి, హమీద్ అల్ సాదీ వంటి ఆచార్యుని సన్నిధిని గాత్రమును, సంతూరును నేర్చెను. పాశ్చాత్యుల పన్నెండు స్వరస్థానముల నడుమ దాగిన సూక్ష్మశ్రుతులను ట్రంపెట్‌పై పలికించు పద్ధతిని తానుగా నిర్మించుకొని, 2007లో 'టూ రివర్స్' అను సంపుటిని వెలువరించెను. యుద్ధము చెదరగొట్టిన సంప్రదాయమొకటి, జాజ్ వాద్యకారుని ఊపిరిలో కొంత ఆశ్రయము పొందుట మానవచరిత్రలోనే స్మరణీయమైన విషయము.

ఆర్మీనియాలోని గ్యుమ్రి నగరమున 1987లో జన్మించిన టిగ్రాన్ హమాస్యాన్, 2006లో థెలోనియస్ మంక్ పేరిటి అంతర్జాతీయ పియానో పోటీలో జయించి, అనంతరము తన జాతి ప్రాచీన ప్రార్థనాగీతములను యెరెవాన్ గాయకబృందముతో కలిసి పునస్సృష్టించెను. ప్యూర్టో రికో ద్వీపమున జన్మించిన మిగెల్ సెనోన్, చేతిడప్పులపై నడచు 'ప్లేనా' అను తన జానపదసంగీతమును సాక్సఫోన్ కల్పనకు ఆధారముగా గ్రహించుటయే గాక, జాజ్ కచ్చేరీలు అరుదైన తన ద్వీపపు గ్రామములకు బృందములను తోడ్కొనిపోయి ఉచితముగా వినిపించెను. ఇంటినుండి కొనిపోయినదానికి ప్రతిగా ఇంటికి కొంత తెచ్చియిచ్చు ఈ ధర్మము అందరు వాద్యకారులకును అనుసరణీయము.

ఇచ్చట ఒక విషయము నొక్కి చెప్పవలసియున్నది. ప్రతిభ ఒక్కటియే యువకుని వాద్యకారునిగా నిలుపజాలదు. ఆతడు తప్పులు చేయుటకు చోటు, దిద్దుటకు పెద్దలు, తోడుగా తనవంటివారు కావలెను. ఈ సత్యమునకు లండను నగరము సాక్షి. గ్యారీ క్రాస్బీ అను బేసు వాద్యకారుడు తన సహచరి జనీన్ అయన్స్‌తో కలిసి 1991లో స్థాపించిన 'టుమారోస్ వారియర్స్' అను సంస్థ, కరేబియను, ఆఫ్రికా సంతతుల పిల్లలకును, ఆడపిల్లలకును, పేద కుటుంబములవారికిని ఉచితముగా శిక్షణయొసగుచు, వారిని ఒకరితో నొకరు వాయింపజేయుచు వచ్చెను. మూడు దశాబ్దముల పిమ్మట ఆ తోట కాచినది. అచ్చట కలిసికొన్న బాలురు స్థాపించిన 'ఎజ్రా కలెక్టివ్' బృందము, పశ్చిమాఫ్రికా నృత్యలయలను, కరేబియను బాణీలను జాజ్‌తో మేళవించి, 2023లో బ్రిటనున ప్రతిష్ఠాత్మకమైన మెర్క్యురీ బహుమతిని పొందెను. జాజ్ బృందమునకు ఆ బహుమతి దక్కుట అదియే ప్రథమము. సాక్సఫోన్ వాద్యకారిణి నుబయా గార్సియా కూడ ఆ సంస్థ శిక్షణనుండి వచ్చినదే. చెన్నపట్టణమునను అహమ్మదాబాదునను పెరిగి లండను చేరిన సారథి కోర్వార్, గుజరాతులో నివసించు ఆఫ్రికా సంతతివారైన సిద్దీల గానమును జాజ్ వాద్యములతో కలిపి 2016లో వెలువరించిన సంపుటి, సముద్రములు దాటిన ఆఫ్రికాలయ మన దేశమునను నిలిచియున్నదని చాటినది.

ఇటీవలి తరమున స్త్రీల కృషి విశేషముగా గమనింపదగినది. జాజ్ లోకము చిరకాలము స్త్రీలకు ప్రధానముగా గాయనిస్థానమునే కేటాయించెను. మన కచ్చేరీలలోను మృదంగము చాలవరకు పురుషుల సొత్తుగానే యుండెను. ఉమయాళ్పురం శివరామన్ వద్ద మృదంగమభ్యసించిన అమెరికా నివాసిని రజ్నా స్వామినాథన్ ఈ రెండు గోడలను ఒక్కమారుగా దాటినది. ఆమె తన బృందమునకు తానే స్వరరచన యొనర్చి, మృదంగమును తాళము మోయు స్థానమునుండి సంగీతమునకు దిక్కు చూపు స్థానమునకు చేర్చినది. 2019లో వెలువడిన ఆమె తొలి సంపుటిలో మోరాలు, కోరువలు లెక్క చూపుటకు గాక ఊపిరివలె వచ్చిపోవును. లాహోరునుండి అమెరికా చేరిన ఆరూజ్ ఆఫ్తాబ్ అను గాయని, విజయ్ అయ్యర్, షహజాద్ ఇస్మాయిలీలతో కలిసి 2023లో వెలువరించిన 'లవ్ ఇన్ ఎగ్జైల్' అను సంపుటిలో, ఉర్దూ గీతపు ఒకటి రెండు పాదములను ఆధారముగా గొని, దీర్ఘమైన తక్షణకల్పనను మువ్వురును ఏకమనస్కులై నడపిరి. భారత పాకిస్తాను సరిహద్దున కిరువైపుల మూలములు గలవారు మూడవదేశమున కలిసి ఇంత శాంతముగా ఒకరినొకరు వినుట నన్ను మిగుల కదలించినది.

ఈ యుద్యమముపై వచ్చు ఆక్షేపణలను గూడ న్యాయముగా విచారింతము. సంప్రదాయవాదులు, రెండు సంగీతములును తమ స్వరూపమును కోల్పోవునని శంకింతురు. ఈ శంక నిరాధారమని నేననను. కొన్ని మాత్రల తబలానో, ఒక్క రాగచ్ఛాయనో పైపైన అద్ది విక్రయించు సంపుటములకు కొదువలేదు. కాని పైన పేర్కొన్నవారిలో పెక్కురు సంవత్సరముల తరబడి గురుసన్నిధిని కూర్చున్నవారే యగుట, దోషము కలయికయందు గాక తొందరయందే యున్నదని నిరూపించుచున్నది. విమర్శకులు కొందరు, వాద్యకారుని పేరు చూచి, ఆతని ప్రతిస్వరమునందును పూర్వుల దేశమునే వినగోరుదురు; ఇది ప్రశంసారూపమున నున్న సంకెల. చికాగో నల్లజాతి వాద్యకారులు 1965లో స్థాపించిన ఏ.ఏ.సి.ఎం. అను సంస్థకు చెందిన పండితవాద్యకారుడు జార్జి లూయిస్, 1996లో ప్రకటించిన సుప్రసిద్ధవ్యాసమున, తక్షణకల్పన చరిత్రనుండి నల్లజాతివారి పాత్రను పాశ్చాత్యపండితులు చెరిపివేసిన తీరును ఖండించుచు, తాను చెప్పు ఆఫ్రికామూల సంగీతతర్కము చరిత్రవలన ఏర్పడినదే గాని రక్తముచే నిర్ణీతమైనది కాదని స్పష్టపరచెను. నా యభిప్రాయమున ఈ రంగమునకంతటికి ఇదియే దారిదీపము. రక్తము కాదనుటచే ద్వారము అందరికిని తెరువబడినది. చరిత్ర యనుటచే ఆ ద్వారమున అడుగిడువారందరు ఆ చరిత్రను నేర్చి, దాని బాధను గౌరవింపవలసిన బాధ్యత ఏర్పడినది. జాజ్‌ను ఎవరిదియు కాని విశ్వసంగీతమని పొగడువారు, తెలియకయే, దానిని కన్నవారి శ్రమను మరుగుపరచుచున్నారు.

ఇక మన మాట. విదేశీయవాద్యములను ఆదరించి మనోధర్మమునకు వశపరచుకొనుటలో తెలుగువారిది అగ్రస్థానము. వయొలినుకు ద్వారం వారు, మాండలినుకు శ్రీనివాస్ గారు తార్కాణము. మాండలిను వాయించుట తెలియని రుద్రరాజు సుబ్బరాజు గారు తాను పాడి వినిపింపగా, ఆ బాలుడు తన తీగలపై ఆ పాటను వెదకికొని నేర్చినాడన్నది సుప్రసిద్ధము. గురువు స్వరము నొసగెను, వ్రేళ్ల దారిని శిష్యుడే కనుగొనెను. ఇట్టి చరిత్ర గల మనకు, నేడు హైదరాబాదునను విశాఖపట్టణమునను గిటారో, సాక్సఫోనో చేతబట్టి రాగములతో ప్రయోగములు చేయు యువకులను చూచి సంగీతసభలు మొగము త్రిప్పుకొనుట తగదు. అట్లే వారి ప్రతిప్రయోగమును మేళవింపు పేరిట మెచ్చి పంపివేయుటయు తగదు. లండను దృష్టాంతమును అనుసరించి, మన సంగీత కళాశాలలు వారమునకొక సాయంకాలము భిన్నసంప్రదాయముల విద్యార్థులు పెద్దల యెదుట కలిసి వాయించుటకు వేదికను కల్పించినచో, అచ్చట కచ్చేరీకంటె దిద్దుబాటుకే ప్రాధాన్యమిచ్చినచో, పది పదునైదేండ్లకు ఫలము కానవచ్చును. శ్రోతలుగా మనము చేయవలసినదియు కలదు: నూతనవాద్యకారుని వినునపుడు ఆతడెవరి సంతానమో అడుగుటకు ముందు, ఆతడెవరిని విని నేర్చినాడో, తోడివాని స్వరము విని తన స్వరమును ఎచ్చట మార్చుకొనుచున్నాడో గమనింపవలెను. ఆ మార్పు వినబడినచోట సంగీతమున్నది. అది వినబడనంతవరకు, వేదికపై ఎన్ని దేశములవారు కూర్చున్నను, సంగీతము ఇంకను ఆరంభము కాలేదనియే చెప్పవలెను.